అడగకూడని ప్రశ్నకు అబద్ధం జవాబు

మా చిన్నాన్న కోడలు తెల్లవారుజామున 4 గంటలకే లేస్తుంది. అన్నం వండి, మొగుడికి క్యారేజీ సర్ది, తల దువ్వుకుని, కంపెనీ బస్సు హారన్ వినపడే లోపల వసారా మెట్టు మీద కూర్చుని కాలివేళ్ళకి కాస్త కొబ్బరినూనె రాసుకుని మెట్టెలు లాగేస్తుంది. పోయిన సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళి, కనుమ దాటిన మర్నాడు కూడా ఉండిపోబట్టి నాకిది కళ్ళపడింది. మెట్టెలూ, మెడలోంచి తీసిన పసుపుతాడూ పిన్నమ్మ చేతిలో పెట్టింది. పిన్నమ్మ వాటిని దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టి, ఏమీ జరగనట్టే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

చిన్నాన్న పోయిన పదకొండో రోజున పిన్నమ్మ కాళ్ళకి మెట్టెలు తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె గొంతు ఎలా పూడుకుపోయిందో నాకు గుర్తుంది. ఆ పిన్నమ్మే ఇప్పుడు కోడలి మెట్టెలు ప్రతిరోజూ చేతికి తీసుకుంటోంది.

"ఏందమే ఇది?" అన్నాను, బస్సుకి పరుగెత్తబోతున్న పిల్లతో.

"కంపెనీలో పెళ్ళి కాలేదని రాసుండా వదినా" అని నవ్వి వెళ్ళిపోయింది.

వివరం పిన్నమ్మే చెప్పింది. "కూడు పెట్టేది మెట్టెలా? రాత్రికి వచ్చి పెట్టుకుంటది. ఎవురికేం నష్టం?"

ఆ మాట నన్ను వదలలేదు. నిజంగానే ఎవరికి నష్టం? ఈ అబద్ధంలో తప్పుంటే అది ఎవరి తప్పు? సాహిత్యం చదువుకున్నదాన్ని గనక, నీతి ప్రశ్న ఎదురైతే కథల్లోకి పరుగెత్తడం నాకు అలవాటు. ఈసారి ముందు ఆ పిల్ల ఉద్యోగంలో చేరిన పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకున్నాను.

మా ఊరు సూళ్ళూరుపేటకి తూర్పున, పులికాట్ వైపు. 2022లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి కానీ, ఊరేదంటే మా వాళ్ళు ఇంకా నెల్లూరు జిల్లా అనే అంటారు. నా చిన్నప్పుడు ఈ దారిలో తెల్లవారుజామున కనిపించేవి చేపల బుట్టలు, పాల క్యాన్లు, షార్‌కి వెళ్ళే బస్సులు. తర్వాత తడ దగ్గర మాంబట్టులో అడిడాస్ బూట్లు కుట్టే అపాచీ కర్మాగారం వచ్చింది. 2008లో సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో శ్రీసిటీ మొదలైంది. 2015లో అక్కడ ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ వేళకి రోడ్డు మీద కనిపించేది వరసగా కంపెనీ బస్సులు, వాటి కిటికీల్లో తల వాల్చి నిద్రపోతున్న ఆడపిల్లలు. మన ప్రాంతంలో ఇంతమంది ఆడపిల్లలు ఒకేసారి నెలజీతానికి వెళ్ళడం నాకు తెలిసి ఇదే మొదలు. ఈ సంగతిని తేలిగ్గా తీసుకునే స్త్రీవాదం నాకు అక్కర్లేదు. ఫ్యాక్టరీ అంటే దోపిడీ అని ఒక్క మాటలో తేల్చేసి నాలాంటివాళ్ళు విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో టీ తాగుతుంటే, మా మరదలు తన జీతంతో పిన్నమ్మ కంటి ఆపరేషన్ చేయించింది.

మా మరదలి కంపెనీ ఏదో రాయను. చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఊళ్ళోకి కంపెనీ ఎప్పుడూ నేరుగా రాలేదు. ఒక మనిషి వచ్చాడు. ఆయన్ని అందరూ ఏజెంటు అంటారు. పక్క ఊరివాడే, ఒకప్పుడు రొయ్యల మేత అమ్మేవాడు. డ్వాక్రా సంఘం మీటింగు అయ్యే దాకా చెట్టు కింద కూర్చుని, తర్వాత లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. వాట్సాప్‌లో ఒక ప్రకటన తిప్పాడు. 18 నుంచి 25 లోపు వయసు, పదో తరగతి చాలు, ఇంటర్ తప్పినా పర్వాలేదు, బస్సు, భోజనం, పీఎఫ్, ఈఎస్ఐ, పెళ్ళికాని ఆడపిల్లలు మాత్రమే. పిల్లకింత అని ఆయనకి వస్తుంది. చేరినప్పుడు కొంత, మూడు నెలలు నిలిస్తే మిగతాది. అందుకే మూడు నెలల దాకా "ఎట్టుండావమ్మా, తింటుండావా" అని ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడట. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

తర్వాత ఒక డిగ్రీ కాలేజీ ఆవరణలో జాబ్ మేళా. గోడ మీద గీత గీసి ఎత్తు చూశారు. బరువు తూచారు. చిన్న అక్షరాలు చదివించారు. రెండు చేతులూ చాపమని వేళ్ళు చూశారు. ఒక పళ్ళెంలో సన్నటి స్క్రూలు పోసి నిమిషంలో ఎన్ని ఏరి గుంటల్లో నిలబెడుతుందో లెక్కపెట్టారు. ఇందులో మా మరదలు అందరికంటే ముందు. చివరికి ఒక ఫారం ఇచ్చారు. అందులో "వివాహిత / అవివాహిత" అన్న గడి దగ్గర ఆమె పెన్ను ఆగింది. అప్పటికి పెళ్ళై ఏడు నెలలు. పక్కనే నిలబడ్డ ఏజెంటు గొంతు తగ్గించి "కాలేదని పెట్టమ్మా, అందరూ అట్నే పెడతారు, వాళ్ళకీ తెలుసు" అన్నాడు. ఆధార్ కార్డులో ఇంకా తండ్రి పేరే ఉండటం కలిసొచ్చింది. రేషన్ కార్డులో కోడలిగా చేర్చాలంటే పెళ్ళైనట్టు కాగితం చూపమన్నారు. ఇక్కడ పెళ్ళి కానట్టు కాగితం చూపాలి. రెండు సంచుల్లో రెండు రకాల కాగితాలు పెట్టుకుని తిరుగుతోంది ఆ పిల్ల.

"వాళ్ళకీ తెలుసు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఊళ్ళో రెండో రకం నియామకం కూడా ఉంది. రొయ్యల షెడ్లు. తలలు తీసి, పొట్టు ఒలిచి, సైజుల వారీగా వేరు చేసే పని. అక్కడికి మనుషుల్ని ఒక మేస్త్రీ వ్యానులో తీసుకెళ్తాడు. వెళ్ళేవాళ్ళలో మొగుడు వదిలేసినవాళ్ళు, విధవలు, ముగ్గురు పిల్లల తల్లులు, అరవై దాటినవాళ్ళు అందరూ ఉంటారు. వాళ్ళని ఎవరూ పెళ్ళైందా అని అడగరు. అసలు పేరు కూడా సరిగ్గా అడగరు. మంచుగడ్డల నీళ్ళలో వేళ్ళు చివికిపోయి, సందుల్లో పుళ్ళు పడి ఇంటికొస్తారు. మా ఊరివాళ్ళు వెళ్ళే షెడ్డులో ఈఎస్ఐ లేదు, ప్రసూతి సెలవన్న మాటే లేదు, రేపు వ్యాను వస్తుందో రాదో కూడా తెలియదు. ఇచ్చేదేమీ లేని చోట అడగాల్సింది కూడా ఏమీ ఉండదు. బిడ్డ పుడితే సెలవు ఇవ్వాల్సి వచ్చే చోటే బిడ్డ గురించి ముందుగా అడుగుతారు. హక్కులు కాస్త ఉన్న గుమ్మం ముందే ఈ జల్లెడ వేలాడుతుంది.

వేళ్ళ గురించి ఒక మాట. 1981లో డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ రాసిన ఒక వ్యాసం నా తరం పరిశోధకులకి పాఠం లాంటిది. మూడో ప్రపంచపు ఎగుమతి కర్మాగారాల్లో యాజమాన్యాలు మెచ్చుకునే ఆడవాళ్ళ చురుకైన వేళ్ళు పుట్టుకతో వచ్చినవి కావనీ, ఇంట్లో కుట్టు, అల్లికల పనుల్లో చిన్నప్పటి నుంచీ దొరికిన శిక్షణ ఫలితమనీ, ఆ శిక్షణ నాలుగు గోడల మధ్య జరగడం వల్ల దాన్ని నైపుణ్యంగా ఎవరూ గుర్తించరనీ, గుర్తించరు గనక దానికి ధర కట్టరనీ వాళ్ళు వాదించారు. మా మరదలు స్క్రూల పరీక్షలో ముందు నిలిచిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఏడో ఏట నుంచి తల్లి పక్కన కూర్చుని మల్లెపూలు మూర చొప్పున కట్టిన పిల్ల అది. ఆ వేళ్ళని పెంచింది ఒక ఇల్లు. అవే కావాలి కంపెనీకి. ఇంకో ఇంటి కోడలి వేళ్ళు మాత్రం వద్దు.

పెళ్ళి ఎరగా కూడా పనికొస్తుందని తమిళనాడు నూలు మిల్లులు చూపించాయి. కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్ చుట్టుపక్కల సుమంగళి పథకం పేరుతో పెళ్ళికాని పేదపిల్లల్ని మూడేళ్ళ ఒప్పందం మీద హాస్టళ్ళలో పెట్టి పని చేయించుకుని, చివర్లో కట్నానికి పనికొచ్చే మొత్తం ఒక్కసారిగా ఇస్తామన్నారు. మధ్యలో మానేస్తే అది పోయినట్టే. పేరు సుమంగళి. ఆ పేరు పెట్టిన మనిషికి మన సంస్కృతి మీద ఎంత పట్టుందో! ఒక చోట పెళ్ళి చేసుకోవడానికి పని, ఇంకో చోట పెళ్ళైతే పని లేదు. రెండు చోట్లా ఆడదాని పని పెళ్ళికి ముందున్న ఖాళీలో పట్టేంతే.

నెల్లూరు వాళ్ళం గనక తిక్కన దగ్గరికి వెళ్ళకుండా ఉండలేం. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న ఆ కవి భారతాన్ని విరాటపర్వంతో మొదలుపెట్టాడు. ఎం.ఏ. పిల్లలకి అది చెప్పేటప్పుడు నేనెప్పుడూ రసపోషణ, సంభాషణా చాతుర్యం, నాటకీయత అనే చెప్పుకుంటూ పోయాను. ఈ సంక్రాంతి తర్వాత మళ్ళీ తెరిస్తే, అదంతా ఒక నియామక ప్రక్రియ లాగా కనిపించింది. ఆరుగురు నిరుద్యోగులు. ఒకే యజమాని. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, పేరు మార్చి, పుట్టుక మార్చి, తమకున్న అనుభవం చెప్పుకుంటారు. ఆ అనుభవాలు కూడా ఎలాంటివి? ధర్మరాజు తను ధర్మరాజుకి స్నేహితుణ్ణంటాడు. భీముడు ధర్మరాజు దగ్గర వంటవాణ్ణంటాడు. ద్రౌపది తను సత్యభామ దగ్గరా ద్రౌపది దగ్గరా పని చేశానంటుంది. తమ సంతకంతో తామే రాసుకున్న ధ్రువపత్రాలన్నమాట. బృహన్నల మాటని విరాటుడు ఊరికే నమ్మలేదు, స్త్రీల చేత పరీక్ష చేయించి గానీ కూతురి మందిరానికి పంపలేదని వ్యాసభారతంలో ఉంది. ఉద్యోగానికి ముందు వైద్యపరీక్ష కొత్తదేమీ కాదు!

ఆ ఆరుగురిలో ద్రౌపది ఇంటర్వ్యూ మాత్రమే వేరే దారిలో నడుస్తుంది. మగవాళ్ళని నీకేం పని వచ్చు అని అడిగారు. సుదేష్ణకి మాత్రం ఈమె పని గురించి కాదు, ఒంటి గురించి దిగులు. ఇంత అందగత్తెని ఇంట్లో పెట్టుకుంటే నా మొగుడు ఏమైపోతాడని. అంటే మగాడి బలహీనతకి పూచీ ఇవ్వాల్సింది ఉద్యోగానికి వచ్చిన ఆడది. ద్రౌపది ఏం చేసింది? పేరు దాచింది, పుట్టుక దాచింది, పెళ్ళి మాత్రం దాచలేదు. నాకు అయిదుగురు గంధర్వులు భర్తలున్నారని చెప్పింది. ఎంగిలి ముట్టను, ఒకరి కాళ్ళు కడగను అని షరతులు పెట్టింది. సైరంధ్రికి పెళ్ళి కవచం. మా మరదలికి అదే పెళ్ళి అనర్హత. రెండు గుమ్మాల దగ్గరా ఆమెకి సంబంధించిన ప్రశ్న మాత్రం ఒకటే, నువ్వు ఎవరిదానివి? ఆ షరతులూ ఆ గంధర్వులూ ఉన్నా కీచకుడి నుంచి ఆ కొలువు ఆమెని కాపాడలేదన్న సంగతి అందరికీ తెలిసిందే.

ఇన్ని అబద్ధాలు ఆడి ఉద్యోగాల్లో చేరిన ఆ ఆరుగురినీ మనం ఎప్పుడూ అబద్ధాలకోరులనలేదు. అజ్ఞాతవాసం అన్నాం. గౌరవమైన మాట. మా ఊరి బస్సులోని పిల్లలకి ఆ మాట ఎందుకు దక్కదు?

2024 జూన్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక పరిశోధన ప్రచురించింది. మా తడ నుంచి ఎంతో దూరం లేని శ్రీపెరుంబుదూరులో, ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ కర్మాగారంలో పెళ్ళైన స్త్రీలని అసెంబ్లీ పనుల్లోకి తీసుకోకుండా ఒక పద్ధతి ప్రకారం పక్కన పెట్టారని రాసింది. పెళ్ళైనవాళ్ళకి ఇంటి బాధ్యతలు ఎక్కువ, గర్భం వస్తుంది, సెలవులు పెడతారు అన్న కారణాలతో పాటు మెట్టెలూ మంగళసూత్రాలూ ఉత్పత్తికి అడ్డమన్న కారణం కూడా అందులో ఉంది. 2022లో నియామకాల్లో కొన్ని లోపాలు జరిగాయని, సరిదిద్దుకున్నామని, వివాహం ఆధారంగా వివక్ష చూపుతున్నామన్న ఆరోపణని మాత్రం ఒప్పుకోమని కంపెనీ చెప్పింది. కొత్తగా చేర్చుకున్న స్త్రీలలో 25 శాతం పెళ్ళైనవాళ్ళేననీ, లోహపు వస్తువులు ధరించకూడదన్న నియమం భద్రత కోసం అందరికీ ఉన్నదేననీ కంపెనీ ప్రభుత్వానికి తెలిపినట్టు వార్తలొచ్చాయి. కేంద్ర కార్మికశాఖ తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తాను విచారణకి తీసుకుంది. అదే ఏడాది నవంబరులో రాయిటర్స్ మళ్ళీ రాసింది. ప్రకటనల్లోంచి వయసు, లింగం, వివాహం అన్న మాటలు తీసేయమని ఆ కంపెనీ తనకి మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలకి చెప్పిందని.

మాటలు తీసేయడం మంచిదే. కానీ మా ఊరి చెట్టు కింద మాట్లాడిన ఏజెంటు మాటలు ఏ ప్రకటనలోనూ ఉండవు. మేస్త్రీ పద్ధతి గొప్పతనమే అది. కంపెనీకి కావలసింది కంపెనీ నోటితో అడగక్కర్లేదు. అడిగినవాడు కంపెనీ మనిషి కాదు, కంపెనీ మనిషి ఏమీ అడగలేదు.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 1976 సమాన వేతనాల చట్టం నియామకాల్లో ఆడామగా తేడా చూపకూడదంది. దాని స్థానంలో 2019లో చేసి 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన వేతనాల కోడ్ కూడా అదే అంటుంది. పెళ్ళైన ఆడవాళ్ళకీ పెళ్ళికాని ఆడవాళ్ళకీ మధ్య చూపే తేడా గురించి రెండూ విడిగా ఏమీ చెప్పవు. మేం తీసుకునేది ఎక్కువగా ఆడవాళ్ళనే కదా అని కంపెనీ చెయ్యి చూపిస్తే, ఆ చెయ్యి నిజమే చెప్తున్నట్టుంటుంది. 1981లో ఎయిరిండియా ఎయిర్‌హోస్టెస్‌ల కేసులో సుప్రీంకోర్టు మొదటి గర్భానికే ఉద్యోగం తీసేసే నియమాన్ని కొట్టేసింది కానీ, చేరిన నాలుగేళ్ళ లోపల పెళ్ళి చేసుకోకూడదన్న నియమంలో తప్పేమీ లేదంది. పెళ్ళి చేసుకున్నందుకు 1988లో సైనిక నర్సింగ్ సర్వీసు పోగొట్టుకున్న సెలీనా జాన్‌కి 60 లక్షల రూపాయలు ఇమ్మని అదే కోర్టు 2024లో చెప్పింది. మధ్యలో ఆమె వయసు ఎంత గడిచిపోయిందో లెక్క వేసుకోవచ్చు.

వీటన్నిటికంటే నన్ను ఆపేసింది నీరా మాథుర్ కేసు. ఎల్ఐసీలో అసిస్టెంట్‌గా చేరేటప్పుడు ఆమె చేత ఒక ఫారం నింపించారు. పెళ్ళైందా, పిల్లలెంతమంది, నెలసరి సరిగ్గా వస్తుందా, నొప్పి ఉంటుందా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, చివరి నెలసరి ఏ తేదీ, ఇప్పుడు గర్భవతివా, గర్భస్రావాలు ఏమైనా అయ్యాయా. ఆమె చేరింది 1989లో. ప్రసూతి సెలవు పెట్టింది. ప్రొబేషన్‌లోనే ఉద్యోగం తీసేశారు. చివరి నెలసరి తేదీ తప్పు చెప్పిందని కోర్టులో సంస్థ వాదన. 1991లో సుప్రీంకోర్టు ఆమెని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. అంతకంటే ముఖ్యం, అసలు కీడు ఆమె జవాబులో కాదు, ఆ ఫారం అడిగిన తీరులో ఉందని గుర్తించింది. స్త్రీ మర్యాదకీ ఆత్మగౌరవానికీ భంగం కలిగించే ఆ గడులు తీసేయమంది.

ఈ కేసు చదివాకే "వాళ్ళకీ తెలుసు" అన్న ఏజెంటు మాట నాకు అర్థమైంది. వాళ్ళకి తెలుసు. తెలిసే గడి ఉంచారు. ఆ గడి పెళ్ళైనవాళ్ళని ఆపడానికే అయితే, అందరూ అబద్ధం రాసే గడి ఎందుకు? అది ఆపడానికి మాత్రమే కాదు, పట్టి ఉంచడానికి కూడా. మా ప్రాంతంలో అప్పిచ్చేవాడు ఖాళీ ప్రోనోటు మీద సంతకం తీసుకుంటాడు. అంకె తర్వాత తనకి కావలసినప్పుడు రాసుకుంటాడు. మా మరదలు ఆ ఫారం మీద పెట్టిన సంతకం అలాంటిదే. ఆ ఫారం అడుగున "పై వివరాలు తప్పని తేలితే నోటీసు లేకుండా తొలగించవచ్చు" అన్న వాక్యం ఉంది. ఆమె బాగా పని చేసినన్నాళ్ళూ ఆ అబద్ధం ఎవరికీ పట్టదు. గర్భం వచ్చిన రోజున, జీతం పెంచమని నలుగురితో కలిసి అడిగిన రోజున, సూపర్‌వైజరు మాట వినని రోజున ఆ ఫారం బయటికొస్తుంది. అప్పుడు తొలగింపుకి కారణం గర్భం కాదు, గొంతెత్తడం కాదు. అబద్ధం. తను తప్పు చేశాననుకుంటుంది గనక ఆ పిల్ల నోరెత్తదు. అబద్ధం చెప్పించి, దాన్నే తాకట్టు పెట్టుకునే పద్ధతి ఇది.

ఖర్చు మాట కూడా ఎత్తుతారు. 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు గనక యజమానులకి భారం, అందుకే భయపడతారు అని. నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉండి ఈఎస్ఐ పరిధిలోకి వచ్చే కార్మికురాలికి ఆ 26 వారాల డబ్బు చెల్లించేది యజమాని కాదు, ఈఎస్ఐ సంస్థ. చందా తనూ కడుతోంది. ఆ చట్టంలో గానీ 1961 ప్రసూతి చట్టంలో గానీ పెళ్ళైన స్త్రీ అన్న షరతు పెట్టలేదు, స్త్రీ అని ఉంటే చాలన్నారు. ఈ సంగతి మేళాలో ఎవరూ చెప్పరు. నేను అర్థం చేసుకున్నంతలో భారం డబ్బు కాదు. లైనులో ఒక కుర్చీ కొన్ని నెలలు ఖాళీ కావడం, దాన్ని మళ్ళీ ఆమెకే ఉంచాల్సి రావడం. కొత్త పిల్లని తెచ్చుకోవడం ఏజెంటుకి ఒక ఫోన్ చేసినంత తేలిక అయినచోట, పాత పిల్లకి కుర్చీ ఉంచడం దండగ.

అబద్ధం గురించి మన పెద్దలు ఏమన్నారో తెలియనిదేమీ కాదు. పోతన భాగవతంలో వామనుడికి దానమివ్వబోతున్న బలిని శుక్రాచార్యుడు ఆపుతూ, స్త్రీల విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదంటాడు. ఆ పద్యం రాని తెలుగు పంతులు ఉండడు. చిన్నప్పుడు మాకు నవ్విస్తూ చెప్పేవారు, పెళ్ళిచూపుల్లో మగపిల్లాడి జీతం పెంచి చెప్పడానికి ప్రమాణంగా. ఆ పద్యంలో ఆడవాళ్ళు ఉన్నారు, పెళ్ళి ఉంది, బతుకుతెరువు ఉంది. అబద్ధం చెప్పే నోరు మాత్రం మగవాడిది. తన పెళ్ళి గురించి, తన బతుకు కోసం, ఆడది బొంకే సందర్భం శుక్రుడి ఊహకి అందలేదు. పాశ్చాత్యుల్లో ఈ వాదం ఇంకో దారిన నడిచింది. నిజం వినే హక్కు ఉన్నవాడికే నిజం చెప్పే బాధ్యత అని బెంజమిన్ కాన్‌స్టాంట్ అన్నాడు. హంతకుడు వచ్చి నీ స్నేహితుడు ఎక్కడని అడిగినా అబద్ధం చెప్పకూడదని 1797లో కాంట్ దానికి జవాబు రాశాడు. కాంట్‌ని చదివినప్పుడు ఆ కాఠిన్యం నాకు గొప్పగా అనిపించింది. ఆయన్ని మాత్రం ఎవరూ మీకు నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగి ఉండరు.

ఇంతవరకూ నేను మాట్లాడింది మరదలి గురించి. ఇక నా గురించి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఒక అబద్ధపు ఫారమే.

పీహెచ్‌డీ పూర్తైన ఏడాది ఒక ప్రైవేటు కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్ళాను. సిద్ధాంతగ్రంథం గురించి రెండు ప్రశ్నలు, తర్వాత పది నిమిషాలు నా కాపురం గురించి. వారు ఏం చేస్తారు, ఎక్కడుంటారు, పిల్లలా, "ఇప్పట్లో ఆలోచన ఏమైనా ఉందామ్మా?" అని. నాకప్పుడు రెండో నెల. "లేదు సార్" అన్నాను. గొంతు వణకలేదు. ఉద్యోగం వచ్చింది. అయిదో నెలలో చెప్పినప్పుడు కరస్పాండెంటు నా వంక చూసిన చూపు, మూడేళ్ళు అక్కడ పనిచేసినా నన్ను వదల్లేదు. అదనపు క్లాసులన్నీ వేశారు, కిమ్మనకుండా చెప్పాను. నా ప్రోనోటు వాళ్ళ దగ్గరుంది మరి.

దీన్ని నేను చాలాకాలం నా మీద జరిగిన అన్యాయంగానే చెప్పుకున్నాను. స్నేహితుల మధ్య ఒకట్రెండుసార్లు తెలివితేటలుగా కూడా. దాచినది ఇంకోటి ఉంది. కొన్నేళ్ళ తర్వాత ఇంకో కాలేజీలో తెలుగు అధ్యాపకురాలి ఎంపికకి నన్ను సబ్జెక్టు నిపుణురాలిగా పిలిచారు. బల్లకి ఇవతల నలుగురం, నేనొక్కదాన్నే ఆడదాన్ని. వచ్చినవాళ్ళలో ఒకామె మా అందరికంటే బాగా చదువుకున్నది. ప్రబంధాల గురించి నేనడిగిన ప్రశ్నకి నాకే తెలియని సంగతి చెప్పింది. అప్పుడు పక్కనున్న పెద్దమనిషి, నాకు అలవాటైన ఆ మెత్తటి గొంతుతో, ఆ ప్రశ్న వేశారు. ఆమె నా వంక చూసింది. నేను కాగితాల్లోకి చూశాను. "ఆరో నెల సార్" అంది ఆమె. దాచలేదు. బయటికి వెళ్ళాక బల్ల మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "మనిషి మంచిదే, కానీ సెమిస్టర్ మధ్యలో ఇబ్బంది" అన్నారు. మార్కుల కాగితంలో "వ్యక్తిత్వం" అన్న గడి ఉంది. పదికి ఆరు వేశాను. మిగతావాళ్ళకి ఎనిమిది, ఏడు. ఆ తేడాతోనే ఆమెకి రాలేదు.

అబద్ధం చెప్పిన నాకు ఉద్యోగం వచ్చింది. నిజం చెప్పిన ఆమెకి నా చేత్తో పోయింది. ఆ ప్రశ్న అడిగింది నేను కాదు, నిజమే. ఏజెంటు కూడా అదే అంటాడు.

ఆ రోజు నేను "సార్, ఈ ప్రశ్న వద్దు" అనగలిగేదాన్నా? అనగలిగేదాన్ని. మహా అయితే మళ్ళీ నన్ను పిలిచేవాళ్ళు కాదు. పూటకి వెయ్యి రూపాయల గౌరవ వేతనం పోయేది. నీరా మాథుర్ కేసు అప్పటికి తీర్పు వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం నాకు కలగలేదు.

మొన్న ఎండాకాలంలో మరదలు ఫోన్ చేసింది. మూడో నెల. పిన్నమ్మకి తప్ప ఇంకా ఎవరికీ చెప్పలేదట. నేను ఉత్సాహంగా ఈఎస్ఐ గురించి మొదలుపెట్టాను. ముందున్న రెండు చందా కాలాల్లో 70 రోజుల చందా ఉంటే చాలు, నీకు ఎప్పుడో దాటిపోయింది, పెళ్ళైందా లేదా అన్నది వాళ్ళకి అక్కర్లేదు, ధైర్యంగా అడగొచ్చు అని ఏకధాటిగా చెప్పుకుపోయాను. అంతా విన్నది.

"సరే వదినా, డబ్బులు వాళ్ళిస్తారు. కంపెనీలో నా కుర్చీ ఎవురిస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. తనే కాసేపటికి అంది. "మా లైన్లో నలుగురం ఉండాం వదినా ఇట్టా. మెట్టెలు తీసొచ్చేవాళ్ళం. మొన్న భోజనాల కాడ ఒకరి కాలు ఒకరం చూసుకుని నవ్వుకున్యాం. వేలి మీద తెల్లటి గీత ఉంటది గదా, అది యాడికి పోద్ది? అందరం కలిసి ఒకేసారి చెప్తే ఏం చేస్తారో చూద్దామంటుంది ఒకామె. ఆమెకి అయిదో నెల."

"నువ్వేమన్నావు?"

"ఆలోచిస్తుండా. నువ్వు ఆ కోర్టు కాగితం ఉంది అన్నావే, అది తెలుగులో రాసి పంపు."

రాస్తున్నాను. రెండు పేజీలైంది.